దుప్పటి గోడ

చిరంజీవి చిన్నికి నాన్న దీవెనలు.

నువ్వు పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. ఇరవై నిమిషాల సినిమాకి సరిపోయే ప్రేమకథ. మాటలు చురుగ్గా ఉన్నాయి, చదువుతుంటే నవ్వొస్తోంది. కానీ మూడో సీను దాటాక కథ ముందుకు నడవడం లేదు. లోపం మాటల్లో లేదమ్మా. నీ అబ్బాయీ అమ్మాయీ కాఫీ షాపులో ఎదురెదురుగా కూర్చున్నారు. వాళ్ళ మధ్య ఒక బల్ల తప్ప ఇంకేమీ లేదు. ఏ పేజీలోనైనా ఒకరు "నువ్వంటే నాకిష్టం" అనేయొచ్చు. ఎందుకు అనలేదూ అంటే, ఇరవై నిమిషాలు ఇంకా పూర్తి కాలేదు కాబట్టి. చూసేవాళ్ళు ఇది ఇట్టే పట్టేస్తారు.

ఇది సరిచేసుకోవడానికి ఒక్క సినిమాని విప్పి చూస్తే చాలు. 1934 ఫిబ్రవరిలో వచ్చిన 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్'. దర్శకుడు ఫ్రాంక్ కాప్రా, రచన రాబర్ట్ రిస్కిన్, క్లార్క్ గేబుల్, క్లాడెట్ కోల్బేర్ జంట. నలుపు తెలుపు, 105 నిమిషాలు. హాలీవుడ్‌లో తర్వాత వచ్చిన ప్రేమ హాస్యచిత్రాల్లో చాలావాటికి అచ్చు ఇదే. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, ఈ ఐదు ఆస్కార్లూ ఒకే సినిమాకి రావడం దీనితోనే మొదలు. మళ్ళీ అలా జరగడానికి 1975లో వచ్చిన సినిమా దాకా ఆగాల్సి వచ్చింది. ఆ బహుమతుల సంగతి అక్కడితో వదిలేద్దాం. నీకు కావలసింది అది ఎలా పనిచేస్తుందన్నది.

కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. కోటీశ్వరుడి కూతురు ఎల్లీ తండ్రికి చెప్పకుండా కింగ్ వెస్ట్లీ అనే షోకిలాను రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. తండ్రికి ఆ పెళ్ళి రద్దు చేయించాలని పట్టుదల. కూతుర్ని మయామీ దగ్గర తన ఓడలో ఉంచాడు. ఆమె నీళ్ళలోకి దూకి, ఒడ్డుకు ఈదుకొచ్చి, న్యూయార్క్‌లో ఉన్న మొగుడి దగ్గరికి రాత్రి బస్సు ఎక్కింది. అదే బస్సులో ఉద్యోగం ఊడిన విలేకరి పీటర్. ఆమె ఎవరో పసిగట్టాడు. నీ కథ నాకివ్వు, నిన్ను న్యూయార్క్ చేరుస్తానన్నాడు. ఆమె జాడ చెప్పినవాళ్ళకు పదివేల డాలర్ల బహుమానమని తండ్రి పేపర్లలో వేయించాడు. దారిలో ఇద్దరికీ ప్రేమ కలిగింది. అంతే కథ.

ఇంత పల్చటి కథ ఎందుకు నిలబడిందో అర్థం కావాలంటే ముందు దుప్పటి దగ్గరికి రావాలి.

వానకి దారిలో వంతెన కొట్టుకుపోయి బస్సు ఆగిపోయింది. చేతిలో డబ్బు తక్కువ. దారి పక్కన కార్లవాళ్ళు రాత్రికి దిగే చిన్న చిన్న గదులున్నాయి. భార్యాభర్తలమని చెప్పి పీటర్ ఒకే గది తీసుకున్నాడు. లోపల రెండు మంచాలు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. అతను ఏ ప్రమాణాలూ చేయలేదు, నేను మంచివాణ్ణని చెప్పుకోలేదు. ఒక తాడు తీసి మంచాల మధ్య ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టాడు. దాని మీద దుప్పటి వేశాడు. ఇవి యెరికో గోడలు అన్నాడు. యెహోషువ బూర ఊది పడగొట్టినవాటంత మందం కాకపోయినా వాటికన్నా భద్రమైనవి, ఎందుకంటే నా దగ్గర బూర లేదు అన్నాడు.

మన ఊళ్ళల్లో ఆదివారం బడికి వెళ్ళిన పిల్లలకి ఈ కథ చెప్పనక్కర్లేదు. యెహోషువ గ్రంథం ఆరో అధ్యాయం: యాజకులు పొట్టేలు కొమ్ము బూరలతో ఆరు రోజులు పట్టణం చుట్టూ తిరుగుతారు, ఏడో రోజు బూరలు ఊది జనం కేకలు వేస్తే గోడ కూలుతుంది. అమెరికాలో 1934 నాటి ప్రేక్షకులకూ అది చిన్నప్పటి కథే. అందుకే దుప్పటికి ఆ పేరు పెట్టగానే హాల్లో ప్రతి ఒక్కరికీ రెండు సంగతులు తెలిసిపోయాయి. ఈ గోడ కూలుతుంది. కూలేముందు బూర మోగుతుంది. ఇంకా గంటకు పైగా సినిమా ఉందనగా ముగింపు చెప్పేశాడు రిస్కిన్. చెప్పినా ఆసక్తి తగ్గలేదు సరికదా పెరిగింది. ఏం జరుగుతుందన్న ప్రశ్న పోయి ఎప్పుడు, ఎలా అన్న ప్రశ్న వచ్చింది. ప్రేమకథకి పనికొచ్చేది ఆ రెండో ప్రశ్నే. ఇద్దరూ కలుస్తారని పోస్టరు చూసినవాడికే తెలుసు కదా.

ఆ దుప్పటి మూడుసార్లు వస్తుంది, చిన్నీ. మూడింటినీ వేరువేరుగా రాసి పెట్టుకో.

మొదటి రాత్రి అది రక్షణ. ఆమె తన వైపుకి వెళ్ళకుండా మొండికేస్తే, అతను బట్టలు విప్పడం మొదలుపెడతాడు. ముందు కోటు, తర్వాత టై, తర్వాత చొక్కా, ఒక్కొక్క మగాడు ఏ వరసలో విప్పుతాడో పాఠం చెబుతున్నట్టు చెబుతూ. వంతు ప్యాంటుకి వచ్చేసరికి ఆమె ఒక్క పరుగున దుప్పటి అవతలికి. తర్వాత దీపం ఆర్పేస్తారు. కిటికీ అద్దం మీద వాన, సిగరెట్టు నిప్పు, గదిలో సగం చీకటి. ఆమె లోపలి బట్టలు దుప్పటి మీద ఆరేస్తే, వాటిని కాస్త తీసేయమని అతను గొంతు తడారినట్టు అడుగుతాడు. గోడ ఉండబట్టే ఆ మాటకి అంత బరువు. గోడ లేకుండా ఇద్దరినీ ఒకే మంచం మీద కూర్చోబెట్టి చూడు, సీనులో ఏమీ మిగలదు.

రెండోసారి ప్రయాణం చివరి రాత్రి. ఇప్పుడది ఇద్దరికీ ఇష్టం లేని గోడ. పసిఫిక్ సముద్రంలో తాను చూసిన ఒక దీవి గురించి, అక్కడికి తనతో రాగల అమ్మాయి గురించి అతను చీకట్లో చెబుతుంటే, ఆమె దుప్పటి దాటి వచ్చేసింది. దాటింది ఆమె, అతను కాదు. అతను ఉలిక్కిపడి, నీ మంచానికి వెళ్ళమన్నాడు. కాసేపటికి మనసు మార్చుకుని, నువ్వన్నది నిజమేనా అని అడిగేసరికి ఆమె ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

మూడోసారి చిట్టచివర. దాని గురించి తర్వాత చెబుతాను.

ఇప్పుడు నీ స్క్రిప్టుకి వస్తే, అడ్డం అనేది మనసులో ఉంటే కెమెరాకి కనపడదు. కులం, డబ్బు, పాత ప్రేమ, భయం, ఏదైనా కావచ్చు. దాన్ని చేత్తో పట్టుకోగలిగే ఒక వస్తువుగా మార్చాలి. ఆ వస్తువు చవకదై ఉండాలి, రోజూ ఇంట్లో కనిపించేదై ఉండాలి. ఇద్దరిలో ఒకరు తమ చేతులతో పెట్టాలి, దానికి ఒక పేరు ఉండాలి. కనీసం మూడుసార్లు రావాలి, వచ్చిన ప్రతిసారీ అర్థం మారాలి. రెండుసార్లే వస్తే ప్రేక్షకుడు మర్చిపోతాడు. ఐదుసార్లు వస్తే ముందే ఊహించేస్తాడు.

దుప్పటి తర్వాత నేను ఎక్కువసేపు ఆగేది తిండి దగ్గర. ఎవరూ పట్టించుకోని దారం ఇది. సినిమా మొదలయ్యేటప్పటికి ఎల్లీ ఓడలో నిరాహారదీక్షలో ఉంది. తండ్రి వేడి వేడి మాంసం పళ్ళెం తెచ్చి ముక్క చూపించి ఊరిస్తే ఆమె దాన్ని నేలకేసి కొట్టింది. దుప్పటి రాత్రి మర్నాడు పీటర్ చేతి వంట: ఒక గుడ్డు, ఒక డోనట్, పాలు లేని కాఫీ. ఆమె అదంతా తింది. డోనట్‌ని కాఫీలో ముంచడం కూడా చేతకాలేదని అతను నేర్పించాడు. ముంచి వెంటనే తీసెయ్యాలి, నానబెడితే మెత్తబడి కాఫీలో పడిపోతుందని. తర్వాత పొలాల్లో రాత్రి గడిపినప్పుడు అతను ఎక్కణ్ణుంచో పచ్చి కారెట్లు తెచ్చాడు. ఆమె ముఖం చిట్లించి వద్దంది. మర్నాడు కారులో వెళుతూ, ఏమీ మాట్లాడకుండా, అతని కోటు జేబులోంచి ఒక కారెట్ తీసి కొరికింది.

ఆ కారెట్ కొరికిన చప్పుడే ఆమె ప్రేమ కబురు. వెండి పళ్ళెంలో వచ్చిన మాంసం విసిరికొట్టిన పిల్ల, మట్టి వాసన పోని కారెట్ తింది. ఒక్క డైలాగు లేదు. పాత్ర మారిందని చెప్పడానికి స్నేహితురాలితో ఫోనులో మాట్లాడించడం నీ స్క్రిప్టులో రెండుచోట్ల ఉంది. ఆ రెండూ కొట్టెయ్. ఆమె మొదట తిననిది ఏమిటో రాసుకో, చివర అదే తినిపించు. లేదా మొదట ఒప్పుకోని పని చివర చేయించు. గదుల దగ్గర స్నానానికి ఆడవాళ్ళు వరస కట్టి నిలబడ్డ చోట ఎల్లీ నేరుగా ముందుకెళ్ళబోతే వాళ్ళు ఊరుకోలేదు. వెళ్ళి చివర నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె వరసలో నిలబడటం అదే మొదటిసారి అయ్యుండాలి. అది చూపించడానికి కాప్రాకి నిమిషం కూడా పట్టలేదు.

ఆర్థిక మాంద్యం రోజులవి. పని లేదు, బ్యాంకులు మూతపడ్డాయి. అందుకే ఈ సినిమాలో డబ్బు లెక్క ఎప్పుడూ చెవిలో మోగుతూనే ఉంటుంది. బస్సులో చాక్లెట్ పెట్టె కొనబోతే పీటర్ ఆపేస్తాడు, ఉన్న డబ్బు తన చేతిలోకి తీసుకుంటాడు. బస్సు అంతా కలిసి పాట పాడుతుంది, ఒక్కొక్క ప్రయాణికుడు ఒక్కో చరణం అందుకుంటాడు, చివరికి డ్రైవరు కూడా గొంతు కలిపి బస్సుని రోడ్డు పక్క బురదలోకి దింపేస్తాడు. ఆ నవ్వు ఇంకా ఆరకముందే ఒక పిల్లవాడి ఏడుపు. తల్లి ఆకలితో స్పృహ తప్పింది. చేతిలో ఉన్న డబ్బు ఆ పిల్లవాడికి ఇచ్చేస్తారు. ఇక వాళ్ళ దగ్గర ఏమీ లేదు, కాబట్టి గడ్డివాములు, కారెట్లు, దారినపోయే కార్లు. దయ చూపించిన ఒక్క పని తర్వాతి మూడు సీన్లకి కారణమైంది. కథలో అతుకు కనపడకపోవడమంటే ఇదే.

పాత్రలు ఎలాంటివాళ్ళో ఎంత చెప్పినా, ఎవరిది పైచేయి అన్నది సీను సీనుకీ మారకపోతే ప్రేమ హాస్యం పండదు. లిఫ్టు కోసం రోడ్డు పక్కన నిలబడ్డ సీను దీనికి పాఠం. దాన్ని ముక్కలు చేసి చూడు.

ముందు గొప్పలు. పీటర్ బొటనవేలితో కారు ఆపడంలో మూడు పద్ధతులున్నాయని వివరిస్తాడు. మొదటిది చిన్న కుదుపు, నాకేం లోటు లేదన్నట్టు. రెండోది కాస్త పెద్దది, పెదవి మీద నవ్వుతో. మూడోది చెయ్యంతా చాపి దిగులు ముఖంతో, ఆకలితో ఉన్నప్పటిది. దీని మీద పుస్తకం రాయబోతున్నానంటాడు. ఆమె కంచె మీద కూర్చుని వింటుంది. ఈ ప్రసంగం కావాలనే పొడుగ్గా ఉంది.

తర్వాత పరీక్ష. ఒక కారు వెళ్ళిపోయింది. ఇంకొకటి. తర్వాత వరసగా కార్లు. వేలు ఊపి ఊపి చివరికి వెళ్ళిపోయిన కార్లని వెక్కిరించే దాకా వచ్చాడు.

తర్వాత ఆమె వంతు. నేను ఆపుతాను, బొటనవేలు అక్కర్లేదు అంది. రోడ్డు పక్కకి వచ్చింది, మేజోడు సవరించుకుంటున్నట్టు స్కర్టు మోకాలి పైకి ఎత్తింది. బ్రేకు కీచుమంది. అంతే. రెండు మూడు షాట్లలో అయిపోయింది.

గొప్ప చెప్పడానికి ఎంత సేపు పడితే, దాన్ని పడగొట్టే పని అంత పొట్టిగా ఉండాలి. కోల్బేర్ కాలు చూపించనందట. వేరే అమ్మాయిని తెస్తే, ఆ కాలు నాది కాదు, నేనే చేస్తానందని కాప్రా తన ఆత్మకథలో రాసుకున్నాడు. సీను అక్కడితో ఆగకపోవడం ముఖ్యం. తర్వాతి షాటులో కారులో అతను ముఖం ముడుచుకుని కూర్చుని ఉంటాడు. కాలు వేలి కన్నా బలమైనదని ఆమె గుర్తుచేస్తుంది. ఓడినవాడి ముఖం చూపించకపోతే సగం నవ్వు పోతుంది. నీ కాఫీ షాపు సీనులో అమ్మాయి పంచ్ వేసిన వెంటనే కట్ చేశావు. ఒక్క రెండు సెకన్లు అబ్బాయి ముఖం మీద ఉండు.

ఆ సీనులో గెలుపు ఆమెది. పల్లెటూరి వాగు దాటిన సీనులో అతనిది. డోనట్ అతనిది. బస్సులో మొదటి పోట్లాట చూడు: అతను డ్రైవరుతో గొడవపడి, సీటు మీది పేపర్ల కట్టలు కిటికీలోంచి బయటికి విసిరేసి చోటు చేసుకునేలోపు, ఆమె వచ్చి చల్లగా అక్కడ కూర్చుంది. ఒకే సీటు కోసం తగాదాతో పరిచయం, తెల్లారేసరికి ఆమె అతని భుజం మీద తల వాల్చి నిద్ర. ఒక సీటు, ఒక గది, ఒక కారు. ఇద్దరి మధ్య దూరం అంగుళాల్లో తగ్గుతూ వచ్చింది. రాత్రి బస్సులో పక్క సీటులో తెలియని మనిషి కూర్చుంటే మోచేతులతో ఎంత ఇబ్బందో మన ప్రేక్షకులకి వేరే చెప్పాలా?

అయితే ఈ ఇద్దరూ ప్రేమలో పడిన చోటు ఏదని నన్నడిగితే, నేను గడ్డివాము సీను చెప్పను, దొంగ పోట్లాట సీను చెబుతాను. గదిలో పొద్దున్నే తండ్రి పంపిన డిటెక్టివులు తలుపు తట్టారు. పీటర్ ఎల్లీ జుట్టు చెదరగొట్టి, ఊళ్ళో బంధువుల గురించి మాట్లాడుతున్న మొగుడిలా మొదలుపెట్టాడు. క్షణం తడబడి ఆమె అందుకుంది. గొంతు మార్చింది, కీచుగా అరిచింది. అతను తిట్టాడు. ఆమె ఏడ్చింది. డిటెక్టివులు బిక్కచచ్చి వెనక్కి తగ్గారు. గదుల యజమాని, నేను ముందే చెప్పలేదా వీళ్ళు చక్కటి భార్యాభర్తలని, అన్నాడు. తలుపు పడగానే ఇద్దరూ పగలబడి నవ్వారు. నాటకాల కంపెనీ పెడదామనుకున్నారు.

అప్పటిదాకా ఒకరి మీద ఒకరు పోరాడారు. మొదటిసారి ఒకే వైపు నిలబడి మూడోవాడి మీద పోరాడారు. ఇద్దరూ సమానంగా చురుకైనవాళ్ళని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. నవ్వులో ఉన్న ఇద్దరికీ తాము పొద్దున్నే ఒక కాపురం నటించామని, అది హాయిగా ఉందని తెలియలేదు. చూస్తున్న మనకి తెలిసింది. తెలుగులో దీనికి దగ్గరి బంధువు 1955 నాటి 'మిస్సమ్మ'. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలుగా నటించే ఇద్దరు నిరుద్యోగులు, ఎన్.టి.ఆర్, సావిత్రి. దాని మూలం బెంగాలీ కథ, ఈ సినిమాతో సంబంధం లేదు. కానీ కీలకం ఒకటే: నటన ఇద్దర్నీ దగ్గరగా ఉంచుతుంది, అదే నటన నిజం చెప్పనివ్వదు. మన దగ్గర తర్వాత్తర్వాత ప్రేమ ఒక ట్రాకు, కామెడీ ఒక ట్రాకు అని విడదీయడం అలవాటైంది. ప్రేమికులు పాటలు పాడుకుంటారు, నవ్వించడానికి వేరే మనుషులొస్తారు. నువ్వు కూడా స్క్రిప్టులో హోటలు సర్వరుకి ఐదు జోకులిచ్చావు. అవి ఆ ఇద్దరికీ పంచెయ్. కాప్రా సినిమాలో పక్క పాత్రలు లేరని కాదు. బస్సులో వాగుడుకాయ షేప్లీ ఉన్నాడు. కానీ అతను నవ్వించి వెళ్ళిపోడు, పేపర్లో ఎల్లీ ఫోటో చూసి బహుమానంలో వాటా అడుగుతాడు. పీటర్ తుపాకుల ముఠావాడిలా నటించి అతన్ని పరుగెత్తించాకే ఆ బస్సు వదలాల్సి వచ్చింది. నవ్వించినవాడు కథని మలుపు తిప్పకపోతే అతను స్క్రిప్టులో ఉండకూడదు.

ఇక అపార్థం. ప్రేమకథల్లో ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. ఒక్క ఫోనుతో తీరిపోయే అపార్థం మీద అరగంట నడిపితే హాలంతా తల పట్టుకుంటుంది. ఇందులో ఏం చేశారో చూడు. ఎల్లీ నిద్రపోయాక పీటర్‌కి ఆలోచన వచ్చింది: జేబులో పైసా లేకుండా ఒక అమ్మాయిని పెళ్ళాడమని అడగడం ఎలా? తెల్లవారేలోపు న్యూయార్క్ వెళ్ళి ఎడిటరుకి ఈ కథ అమ్మి వెయ్యి డాలర్లు తెచ్చుకుందామని బయల్దేరాడు. ఆమె లేచేలోపు వచ్చేస్తాననుకున్నాడు. పెట్రోలుకి డబ్బు లేక దారిలో తన వస్తువులు అమ్ముకున్నాడు. ఈలోపు గదుల వాళ్ళు కారు లేదని చూసి, అద్దె ఎగ్గొట్టారనుకుని, ఆమెని బయటికి పంపేశారు. వదిలేసి పోయాడనుకుని ఆమె తండ్రికి ఫోను చేసింది. పాడుకుంటూ తిరిగొస్తున్న పీటర్‌కి పోలీసుల మధ్య తండ్రి కారు, అందులో ఆమె ఎదురుపడ్డారు.

ఇద్దరి తప్పూ వాళ్ళ స్వభావంలోంచే పుట్టింది. అతనిది పరువు, ఆమెది తొందర. మొదటి రీలు నుంచీ మనకి తెలిసిన గుణాలే. పైగా ప్రేక్షకుడికి రెండు వైపులా తెలుసు, పాత్రలకి ఒక వైపే తెలుసు. ఒక చిన్న బలహీనత ఉంది, దాన్ని కూడా చెప్పాలి. పీటర్ దిండు మీద ఒక చీటీ పెట్టి ఉండొచ్చు. కాప్రా దాన్ని వేగంతో దాటించేశాడు. నీకు అంత వేగం కుదరకపోతే చీటీ రాయించి, అది ఆమెకి చేరకుండా చెయ్.

తర్వాత వచ్చేది నాకు ఈ సినిమా మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు. పీటర్ ఎల్లీ తండ్రి దగ్గరికి వస్తాడు. తండ్రి పదివేల బహుమానం గురించి అనుకుంటాడు. పీటర్ తీసిచ్చింది ఒక బిల్లు. చేతి ఖర్చు 8.60 డాలర్లు, ఓవర్‌కోటు 15, సూట్‌కేసు 7.50, టోపీ 4, మూడు చొక్కాలు 4.50. మొత్తం 39.60. పెట్రోలు కోసం అవి అమ్మాల్సి వచ్చింది, ఇంకా డ్రాయర్లూ సాక్సులూ కూడా అమ్మాను గానీ వాటిని వదిలేస్తున్నాను అన్నాడు. కూడి చూడు, లెక్క సరిగ్గా వస్తుంది.

ఆ బిల్లులో ఒక్కొక్క వస్తువూ ఆ రాత్రి ఆమె కోసం చేసిన ప్రయాణంలో ఒక్కో మైలు. ప్రేమిస్తున్నావా అని తండ్రి మూడుసార్లు అడిగితే తప్పించుకుని, చివరికి కోపంగా ఒప్పుకున్నాడు: అవును, కానీ దాన్ని నా మీద నేరంగా పెట్టుకోకండి, నాకూ కాస్త పిచ్చే. పదివేలు వదిలేసి 39.60 అడిగిన మనిషి డబ్బు కోసం రాలేదని తండ్రికి అర్థమైంది, మనకీ అర్థమైంది. రిస్కిన్ గుండ్రటి సంఖ్య వేయలేదు గమనించు. నలభై అని ఉంటే అది కథలా ఉండేది. 39.60 అనగానే అది జరిగినట్టుంది. నీ స్క్రిప్టులో ఆటో ఛార్జీ "కొంత డబ్బు" అని రాశావు. ఎంతో రాయి.

తండ్రి పాత్ర గురించి ఒక మాట. ఇలాంటి కథల్లో డబ్బున్న తండ్రి అడ్డుగోడ. ఇక్కడ వాల్టర్ కొనోలీ వేసిన తండ్రి మొదట అలాగే కనిపిస్తాడు. చివరికి వెస్ట్లీతోనే అందరి ముందూ మళ్ళీ పెళ్ళి ఏర్పాటు చేసి, కూతుర్ని పెళ్ళి పీట దగ్గరికి చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, పెదవి కదపకుండా, అతను బహుమానం అడగలేదు, 39.60 డాలర్లే అడిగాడు, మనసు మారితే గేటు దగ్గర కారు సిద్ధంగా ఉంది అని చెబుతాడు. ఆటోజైరోలో, అంటే హెలికాప్టరు లాంటి చిన్న విమానంలో, ఎగిరొచ్చిన పెళ్ళికొడుకు ఎదురుగా ఉండగా ఆమె తల అడ్డంగా ఊపి, పొడవాటి మేలిముసుగు గాలిలో తేలుతుంటే పరుగెత్తింది. ఆ తండ్రి ముఖంలో సంతోషం చూడు. ఆ ఒక్క మార్పు వల్ల సినిమా చివర చేదు లేకుండా పోయింది. నీ కథలో పెద్దవాళ్ళలో ఒకరికైనా ఆ అవకాశమివ్వు.

ఈ సినిమాలో నువ్వు తీసుకోకూడనిది కూడా ఉంది, తల్లీ. ఓడలో తండ్రి కూతుర్ని చెంపదెబ్బ కొడతాడు. వాగు దాటేటప్పుడు పీటర్ ఆమెని భుజాన వేసుకుని ఒక దెబ్బ వేస్తాడు. ఆమెకి రోజూ ఒకటి తగిలించేవాడు కావాలని తండ్రితోనే అంటాడు. 1934లో హాలు నవ్వింది. ఇప్పుడు నవ్వనక్కర్లేదు. ఆ మూడు చోట్లా కత్తిరించి చూసినా కథకి ఏ లోటూ రాదు, అంటే అవి కథకి అవసరం లేనివే.

ఖర్చు గురించి అడిగావు కదా. ఈ సినిమా తీసిన కొలంబియా అప్పుడు చిన్న కంపెనీ. గేబుల్‌ని ఎం.జి.ఎం. అనే పెద్ద స్టూడియో నుంచి అరువు తెచ్చుకుంది. కోల్బేర్ యాభై వేల డాలర్లు, నాలుగు వారాల్లో పని పూర్తి అన్న షరతుతో ఒప్పుకుంది. 1933 చివర్లో ఆ గడువులో తీశారు. మూలం శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ 1933లో పత్రికకి రాసిన 'నైట్ బస్' అనే కథ. సమయం లేకపోవడమే మేలయింది: ఒక బస్సు, ఒక గది, ఒక పొలం, ఒక రోడ్డు. సినిమా మనసులో మిగిలేదంతా ఈ నాలుగు చోట్ల నుంచే. నీకు ఉన్న డబ్బుకి రెండు చోట్లు సరిపోతాయి. కాఫీ షాపు, ఆటో, మేడ మీద, పార్కు, మాల్ అని ఐదు పెట్టుకున్నావు. ఆటో, మేడ ఉంచు. ఆటో వెనక సీటు ఇరుకు, అది నీకు పనికొస్తుంది.

మూడుసార్లు చూడు. మొదటిసారి మామూలుగా చూడు. రెండోసారి శబ్దం తీసేసి చూడు, ఇద్దరి మధ్య దూరం ఎక్కడ పెరిగిందో ఎక్కడ తగ్గిందో కాయితం మీద గీత గీస్తూ. మూడోసారి ప్రతి సీను పక్కన మూడు గళ్ళు గీసుకుని నింపు: డబ్బు ఎవరి చేతిలో ఉంది, తిండి ఏమిటి, సీను చివర గెలిచిందెవరు. ఈ మూడింటిలో ఒక్కటీ మారని సీను నీకు కనిపించడం కష్టం. తర్వాత అవే గళ్ళతో నీ స్క్రిప్టు చూడు. ఏ సీనులో మూడూ ఖాళీగా ఉంటే ఆ సీను తీసెయ్.

ముగింపు చెబుతానన్నాను. ఇద్దరూ పారిపోయాక మనకి మళ్ళీ కనిపించరు. సినిమా మొత్తంలో వాళ్ళిద్దరి ముద్దు ఒక్కటి కూడా లేదు. వెస్ట్లీతో పెళ్ళి రద్దు ఎందుకు ఆలస్యమవుతోంది, యెరికో గోడలు ఊగుతున్నాయని తండ్రికి తంతి వస్తుంది. కూలనీ అంటాడు ఆయన. తర్వాత ఏదో ఊరి గదుల దగ్గర యజమాని, అతని భార్య బయట నిలబడి మాట్లాడుకుంటారు. వాళ్ళు తాడు అడిగారు, ఇంత వెచ్చటి రాత్రి దుప్పటి ఎందుకో, పైగా పిల్లలాడుకునే బూర కొనుక్కురమ్మన్నారు. గదిలోంచి బూర శబ్దం. దుప్పటి నేల మీద పడుతుంది. దీపం ఆరిపోతుంది. మొదటి రాత్రి నా దగ్గర బూర లేదన్నాడు కదా, తెచ్చుకున్నాడు.

ఈ సినిమా వచ్చిన కొద్ది నెలలకే, 1934 జూలై నుంచి, హాలీవుడ్‌లో చూపించకూడనివాటి నియమాలు కచ్చితంగా అమలయ్యాయి. తర్వాత ఏళ్ళ తరబడి రచయితలంతా ఆ దుప్పటి నుంచే నేర్చుకున్నారు: చూపించకుండా చెప్పడం. కథ మన దేశానికీ వచ్చింది, 1956లో రాజ్ కపూర్, నర్గీస్‌లతో 'చోరీ చోరీ'గా, 1966లో తమిళంలో ఎం.జి.ఆర్.తో. ఇల్లు విడిచిన ధనవంతుల పిల్ల, విలేకరి, ఈ పైపొర ఎవరైనా తీసుకోవచ్చు. నువ్వు దుప్పటి దగ్గర మొదలుపెట్టు, అయితే దుప్పటినే తీసుకోకు. నీ మేడ మీద అమ్మాయివాళ్ళ ఇంటికీ అబ్బాయివాళ్ళ ఇంటికీ మధ్య బట్టలారేసే తీగ ఒకటుంది, నాలుగో పేజీలో ఊరికే రాశావు. దాని మీద ఏం ఆరుతోందో, ఎవరు ఆరేశారో, ఎవరు తీస్తారో ఆలోచించు. పదో పేజీలో అది మళ్ళీ రావాలి. పద్దెనిమిదో పేజీలో ఇంకోసారి.

రెండో ప్రతి రాగానే పంపు. ఈసారి ఆటో ఛార్జీ పైసలతో సహా ఉండాలి.

నీ నాన్న